ఒక దినమున చెన్నపట్టణపు మ్యూజియములు

నాయుడుపేటనుండి చెన్నపట్టణమునకు రైలుమార్గమున దూరము సుమారు 110 కిలోమీటరులు. తెల్లవారుజామున బయలుదేరినచో రెండు మ్యూజియములు చూచి, అచ్చటనే భోజనము చేసి, రాత్రికి ఇల్లు చేరవచ్చును. మన విద్యార్థులలో పలువురు వైద్యమునకో, పెండ్లిబట్టలకో ఆ నగరమునకు పోయినవారే గాని మ్యూజియములో అడుగిడినవారు అరుదు. వారికొఱకే యిది వ్రాయుచున్నాము. శుక్రవారము మాత్రము పోరాదు. ఆనాడు రెండును మూసియుండును.

సెంట్రలు స్టేషనులో దిగి, వీథి దాటి, పార్కు స్టేషనులో మరల బండి యెక్కినచో తరువాతి స్టేషనే ఎగ్మూరు. ప్రభుత్వ మ్యూజియము దానికి సమీపమున నున్నది. ఇది 1851లో స్థాపింపబడెను. దీని తొలి యధికారి యగు ఎడ్వర్డు బాల్ఫరు ఆవరణములోనే సజీవజంతువులను గూడ నుంచెను. పిమ్మట ఆ జంతువులను వేఱొక చోటికి తరలించిరి. అందుచేతనే మన తాతలు జంతుశాలను ‘బ్రతికిన కాలేజి’ యనియు, మ్యూజియమును ‘చచ్చిన కాలేజి’ యనియు పిలిచెడివారు. జంతుశాల 1985లో వండలూరు చేరినది. ఆ పేరులలోని హాస్యము మాత్రము వృద్ధుల నోట నింకను నిలిచియున్నది.

పిల్లలు తిమింగిలపు అస్థిపంజరము నొద్దనుండి త్వరగా కదలరు. కంచువిగ్రహముల శాలలో తిరువాలంగాటి నటరాజమూర్తి యెదుట పెద్దలును అట్లే నిలుతురు. అయినను తెలుగువారు తమ కాలములో సగము అమరావతి శిల్పములకు కేటాయింపవలెనని మా యభిప్రాయము.

ఈ ఫలకములు పలనాటి సున్నపురాతితో చెక్కినవి. కృష్ణాతీరమందలి మహాస్తూపమునకు ఇవి అలంకారములు. పదునెనిమిదవ శతాబ్దాంతమున అచ్చట క్రొత్త పట్టణము కట్టుచు, ఆ దిబ్బను త్రవ్వి రాళ్లను గొనిపోవుచుండిరి. 1797లో కాలిన్ మెకంజీ దానిని చూచెను. 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించిన రాళ్లు చెన్నపట్టణము చేరెను. వానిలో పెక్కింటిని 1859లో లండనుకు ఓడ నెక్కించిరి. ఒకే స్తూపము నేడు అమరావతిలో కొంత, చెన్నపట్టణమున కొంత, లండనులో కొంతగా నున్నది. తన యూరి రాతిని చూచుటకు తెలుగువాడు పరాయి నగరములకు పోవలసివచ్చుట మాకు కష్టముగనే తోచినది. కాని ఆనాడు ఎవ్వరును కదలింపకున్నచో వానిలో నెన్ని మెట్లుగానో, గోడలుగానో మాఱియుండెడివో చెప్పజాలము. ఈ రెండు మాటలును నిజములే.

నలగిరి ఫలకమును వెదకి చూడుడు. గుండ్రని యా ఒక్క రాతిలో ఏనుగు రెండుమాఱులు కనబడును. ఇది తెలియనివారు రెండేనుగులని భ్రమింతురు. మొదట అది మదించి వీథిలో జనులను త్రొక్కుచున్నది. పైయంతస్తులనుండి స్త్రీలు వంగి చూచుచున్నారు. ప్రక్కనే అదే యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లియున్నది. కాలము గడచుటను శిల్పి ఇట్లు చూపెను. మాతో వచ్చిన విద్యార్థి యొకడు “నడుమనేమి జరిగెనండీ?” యని యడిగెను. ఆ నడిమి భాగమును శిల్పి మన యూహకు విడిచెను.

మధ్యాహ్నభోజనము ఒక అఱవ భోజనశాలలో అరటియాకుపై చేసితిమి. పిల్లలకు ఇదియు నొక ప్రదర్శనశాలయే. మనము ముద్దపప్పు, నేయి, ఊరుగాయలతో నారంభింతుము. వారు సాంబారుతో నారంభించి, రసము మీదుగా మజ్జిగను చేరుదురు. మా బాలురు పప్పునకై ఎదురుచూచుచుండగానే రసము వచ్చెను! కారము తక్కువని కొందఱు సణిగిరి. పాయసము రాగానే ఆ సణుగుడు మానిరి.

భోజనానంతరము ఫోర్టు స్టేషనులో దిగి సెయింటు జార్జి కోటకు పోవలెను. సాయంకాలము అయిదు గంటలకు మ్యూజియము మూయుదురు గనుక ఆలస్యము పనికిరాదు. 1948లో తెఱచిన యీ మ్యూజియములో కంపెనీవారి ఆయుధములు, నాణెములు, పింగాణిపాత్రలు, దొరల చిత్తరువులు గలవు. కారన్ వాలిసు విగ్రహపు పీఠముపై టిప్పుసుల్తాను కుమారులను జామీనుగా అప్పగించిన ఘట్టము చెక్కబడియున్నది. ఓడినవాని బిడ్డలను గెలిచినవాని కాళ్లక్రింద చెక్కుట మాకు నచ్చలేదు.

ఈ కోట పుట్టుకకు మన తీరముతో సంబంధము గలదు. దీనికి ముందు ఇంగ్లీషువారి వర్తకస్థానము మన దుగరాజపట్నమున నుండెను. వారు దానిని ఆర్మగాన్ అనిరి. అచ్చటి యధికారియగు ఫ్రాన్సిసు డే 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకునినుండి ఈ స్థలమునకు పట్టా పొందెను. వేంకటాద్రి తండ్రియగు చెన్నప్పనాయకుని పేరనే ఇది చెన్నపట్టణమాయెను. 1640లో కోటపని యారంభమయ్యెను. వర్తకులు దుగరాజపట్నమును విడిచిరి. ఆ వర్తకస్థానపు పేరు నేడు మన తీరమున ఆర్మగాన్ దీపస్తంభమునకు మిగిలియున్నది.