సముద్రం ఒడ్డుకు వెళ్ళి ఐసు చేప తిన్నాం!

ఉప్పాడ: ఎండాకాలం సెలవులిచ్చారంటే చాలు, మెట్ట ఊళ్ళ నుంచి పిల్లాజెల్లాతో సముద్రానికి బయలుదేరడం మనవాళ్ళకు అలవాటు. పిఠాపురంలో బస్సు మారి ఉప్పాడ చేరడం, అలల్లో కాళ్ళు తడుపుకోవడం, పిల్లలు ఉన్న బట్టలన్నీ తడిపేసి తిట్లు తినడం, ఆనక ఆకలేసి ఏదో ఒక పాక హోటలులో చేపల కూరతో భోజనం చేయడం. అంతదూరం వెళ్ళి చేప తినకుండా వస్తే సముద్రం చూసినట్టే లెక్క కాదు.

గత ఏడాది మే నెలలో మేమూ అలాగే వెళ్ళాం. మా అమ్మ, ఇంటావిడ, ఇద్దరు పిల్లలు, చెల్లెలు, బావగారు, నేను. మొత్తం ఏడుగురం. తీరం దారిలో ఒక హోటలులో కూర్చున్నాం. బావగారు మా ఊరికి వచ్చిన అతిథి కదా అని గొప్పకు పోయి అందరికీ వంజరం వేపుడు చెప్పాను. ముక్క ఎర్రగా, మసాలా దట్టంగా ఉంది. అమ్మ మాత్రం ఒక ముక్క కొరికి పక్కన పెట్టేసింది. "నాలిక చుర్రుమంటోందిరా" అంది. కారం ఎక్కువై ఉంటుందిలే అన్నాను.

అరగంట తిరక్కుండానే మా ఎనిమిదేళ్ళ అబ్బాయికి మొహం ఎర్రబడింది. మెడంతా దురద, ఆపైన వాంతులు. ఎత్తుకుని ఆటోలో డాక్టరు దగ్గరకు పరుగెత్తాం. సూదిమందు వేశాక సాయంత్రానికి తేరుకున్నాడు. సముద్రం దగ్గర సరదాగా గడపాల్సిన రోజు ఆసుపత్రి బల్ల మీద గడిచింది.

ఉడికినా పోని విషం

డాక్టరు మొదట అడిగిన ప్రశ్న "ఏం చేప తిన్నారు?" అని. వంజరం, కానాగంతలు, తూర చేపలు ఒక జాతివి. వీటిని పట్టిన దగ్గర నుంచి చల్లగా ఉంచకపోతే కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఒకసారి పుట్టాక ఎంత ఉడికించినా, ఎంత వేయించినా అది పోదు. అలాంటి ముక్క తింటే నాలిక చురుక్కుమంటుంది, మొహం ఎర్రబడుతుంది, దురద, తలనొప్పి, వాంతులు వస్తాయి. మా అమ్మ నాలిక ముందే చెప్పింది. మేమే వినలేదు.

ఇందులో ఐసు తప్పేమీ లేదు. బాగా ఐసు వేసిన చేప మంచి చేపే. ఐసు కరిగి, చేప వేడెక్కి, మళ్ళీ ఐసు వేస్తేనే చిక్కు. పైన మసాలా పట్టించాక ఆ తేడా కంటికి ఆనదు.

మే నెలలో వేట ఏది?

సముద్రం ఎదురుగానే ఉండగా పాత చేప ఎందుకు పెట్టారు? జవాబు మనందరికీ తెలిసిందే గానీ హోటలులో కూర్చున్నప్పుడు గుర్తుకు రాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మరబోట్లకు, ఇంజను తెప్పలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఈ కట్టడి. 2015 నుంచి ఇది 61 రోజులైంది. ఇంజను లేని నాటు పడవలకు మాత్రం అడ్డు లేదు. అవి ఒడ్డుకు దగ్గరలో పట్టి తెచ్చేది కొద్దిపాటి సరుకే.

పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జూలై 31 వరకు ఉంటుంది. అంటే మే నెలలో అటు వేట సాగుతూనే ఉంటుంది. బంగాళాఖాతం ఒడ్డున కూర్చుని మేము తిన్నది అరేబియా సముద్రం చేప అయినా కావచ్చు!

చిత్రమేమిటంటే, మన పిల్లలకు సెలవులు వచ్చేదీ అప్పుడే, తెప్పలు ఒడ్డున బోర్లా పడుకునేదీ అప్పుడే.

ఒడ్డున దొరికిన పాఠం

జూలై నెలాఖరులో ఒక ఆదివారం మళ్ళీ వెళ్ళాం. ఇంటావిడ ససేమిరా అంది. "మనం చేపను చూసి తిందాం, బోర్డును చూసి కాదు" అని అమ్మే ఒప్పించింది. ఈసారి తెప్పలు చేరే చోటికి దగ్గరగా, రెండు బల్లలున్న తాటాకు పాకలో కూర్చున్నాం. వండేది ఒక ముసలమ్మ, వడ్డించేది ఆమె కోడలు. నేను అలవాటు కొద్దీ "వంజరం ఉందా?" అన్నాను. ముసలమ్మ నవ్వింది.

"ఫలానా చేప కావాలని అడక్కు బాబూ. ఇవాళ ఏం పడిందని అడుగు. లేనిదడిగితే ఎక్కడిదో తెచ్చి పెట్టాలి. ఉన్నదడిగితే మా ఇంట్లో తినేదే పెడతాను."

ఆ రోజు పడింది కవళ్ళు, గులివిందలు, కొద్దిగా చిన్న రొయ్యలు. గిన్నె తెచ్చి పచ్చివి చూపించింది. కళ్ళు తేటగా ఉబ్బి ఉన్నాయి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉంది. వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేచింది. రొయ్య తల ఒంటికి గట్టిగా అంటుకుని ఉంది. కవళ్ళ పులుసు, గులివింద వేపుడు, రొయ్యల ఇగురుతో ఏడుగురం కడుపు నిండా తిన్నాం. మే నెల వంజరానికి అయిన ఖర్చులో సగం కూడా కాలేదు. కవళ్ళలో ముల్లు ఎక్కువ కనుక పిల్లలకు అమ్మే తీసి పెట్టింది. ముల్లు తీయలేని పసివాళ్ళకు సొర పిట్టు దొరికితే మేలని ముసలమ్మ చెప్పింది.

"మరి ఎండాకాలంలో వస్తే ఏం పెడతావు వదినా?" అని అమ్మ అడిగింది. "ఎండు నెత్తళ్ళు, మామిడికాయ. వేటలేని రోజుల్లో మేం తినేదదే. వచ్చినోళ్ళు అది వద్దని, పెద్ద చేప కావాలని పక్కకెళ్ళిపోతారమ్మా" అంది. ఆ రెండు నెలలూ ఆమె పాకలో పొయ్యి వెలగని రోజులే ఎక్కువట.

వెళ్ళే ముందు ఇవి గుర్తుంచుకోండి

కూర్చోగానే ఇవాళ ఏం పడిందని అడగండి. వండక ముందు పచ్చి చేప చూపించమనండి. దాచుకోవాల్సిన అవసరం లేనివాళ్ళు సంతోషంగా చూపిస్తారు. ధర ముక్కకా, ప్లేటుకా, కిలోకా అన్నది ముందే తేల్చుకోండి. మూకుట్లో నూనె నల్లగా మారి ఉంటే వేపుడు మాని పులుసు చెప్పండి. ముక్క నాలికకు చురుక్కుమంటే కారమని సర్దుకోకుండా వదిలేయండి.

రొయ్య, పీత కొందరి ఒంటికి అసలే పడవు. తాజావైనా సరే, తిన్నాక పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

గోదావరి వైపు వెళ్ళేవారికి ఇంకో మాట. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరద రోజుల్లో ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే పులస. ఆ కాలం దాటాక ఏ హోటలు బోర్డు మీదనైనా పులస కనిపిస్తే, పుస్తెలు అమ్మే ముందు ఒకసారి ఆలోచించండి.

ఈ వేసవి సెలవుల్లో కూడా ఉప్పాడ వెళ్ళాలని మా పిల్లలు ఇప్పటినుంచే గొడవ. వెళతాం. ఈసారి వంజరం ఊసెత్తం. ముసలమ్మ పాకలో ఎండు నెత్తళ్ళు, మామిడికాయ కూర చెప్పాలని అమ్మ ముందుగానే తీర్మానించేసింది. ఆ పొయ్యి కూడా ఒక పూట వెలుగుతుంది.