చిన్న గొలుసురంపము: అప్పుడప్పుడు వాడుకొను రైతునకు ఏది తగును?

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీద విరుచుకొనిపడినప్పుడును, 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినప్పుడును, త్రోవల కడ్డముగా పడిన చెట్లను తొలగించుటకు గొడ్డళ్లును చేతిరంపములును చాలకపోయెను. బజారులో చైన్‌సా అని పిలువబడు గొలుసురంపము అట్టి సమయములందు ఎంత పని చేయగలదో పెక్కుమంది రైతులు కన్నులార చూచిరి. చూచినవారికి కొనవలెనను కోరిక కలుగుట సహజమే. కాని తుపాను ఏటేట రాదు. మామూలు సంవత్సరములో రంపముతో పది దినములకు మించి పనిలేని సన్నకారు రైతు ఎట్టిదానిని కొనవలయును, అసలు కొననే వలయునా యను ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట పనిని లెక్కించుకొనవలయును. మామిడితోటలో ఎండుకొమ్మలు తీయుట, గట్లమీద మొలచిన సర్కారుతుమ్మను నరకుట, సరుగుడు వాసములను కోయుట, వంటచెఱకు ముక్కలు చేయుట, గాలికి పడిన వేపకొమ్మను ఇంటిముందునుండి తొలగించుట — చిన్నరైతు పని యంతయు నించుమించుగా ఇంతే. ఈ పనులలో కోతకు వచ్చు కఱ్ఱ సామాన్యముగా పది అంగుళముల లావునకు మించదు. ముదిరిన చింతమ్రానును, తాతలనాటి మామిడిచెట్టును పడవేయవలసినచో ఆ పనియందు ఆరితేరిన రంపపువారిని పిలిచి కూలి యిచ్చుటయే మేలు. పదేండ్ల కొకసారి వచ్చు పనికై ప్రతిదినము మోయరాని యంత్రమును కొనుట లాభసాటి బేరము కాదు.

అంగళ్లలో మాత్రము వ్యవహారము వేఱుగా నుండును. 58 సి.సి. ఇంజనును, 22 అంగుళముల బారును గల పెద్దరంపములు చౌకగా దొరకుచున్నవి. చౌకగా పెద్దది వచ్చుచుండగా చిన్నదానికి ఎక్కువ వెల యేల పెట్టవలెనని రైతు తలంచును. మా యభిప్రాయము దీనికి భిన్నము. 30 మొదలు 35 సి.సి. వరకు గల ఇంజనును, 12 లేక 14 అంగుళముల బారును గల రంపము చిన్నరైతు పనికి చాలును. ఇట్టిదాని ఇంజను భాగము నాలుగు కిలోల ప్రాంతమున తూగును. బారు, గొలుసు, పెట్రోలు, నూనె చేరినపిమ్మట అయిదున్నర కిలోల వరకు వచ్చును. పెద్దది ఏడు కిలోలు దాటును. అంగడిలో నిలువబడి ఒక నిమిషము పట్టి చూచినచో ఈ భేదము తెలియదు. వంగి అరగంటసేపు కొమ్మలు కోసినవానికి బాగుగా తెలియును. అలసిన చేతిలో రంపము వణకును. ప్రమాదములకు అదియే సమయము. కావున కొనబోవువారు యంత్రమును నింపించి, రెండుచేతులతో నడుమువద్ద పట్టుకొని, అయిదు నిమిషములు అటునిటు త్రిప్పిచూడవలయును. దుకాణదారుడు నవ్విన నవ్వనిండు.

జర్మనీ దేశస్థుడగు ఆండ్రియాస్ స్టీల్ 1926లో తయారుచేసిన విద్యుత్ గొలుసురంపము అరువది కిలోలకు పైగా తూగెడిదనియు, దానిని ఇద్దరు మనుష్యులు పట్టవలసివచ్చెడిదనియు తెలిసినవారికి నేటి చిన్నరంపపు విలువ బోధపడును.

ఇక దేనితో నడుచు రంపమును ఎన్నుకొనవలయును? పెట్రోలు, కరెంటు తీగ, బ్యాటరీ — మూడును గలవు. తీగరంపము చౌక, పెట్రోలు పొగ లేదు, ఎన్నినెలలు మూలనుంచినను మీట నొక్కగానే తిరుగును. కాని ఇంటి పెరటికే గాని దూరపు పొలమునకు పనికిరాదు. పొడవైన సన్నని తీగ వేసినచో మోటారు వేడెక్కి చెడును. తడినేలమీద వాడుట ప్రాణాపాయము; కరెంటు కారినవెంటనే ప్రవాహమును త్రుంచు ఆర్.సి.సి.బి. స్విచ్చి ఇంటిలో లేనివారు దానిని ముట్టకుండుటయే మంచిది. తుపాను నాడు కరెంటే యుండదు గనుక దానిని నమ్ముకొనుటకు వీలులేదు.

బ్యాటరీరంపములు ఇటీవల మిక్కిలి వ్యాపించినవి. నాలుగైదు అంగుళముల బారు గల చేతిరంపము మామిడి, నిమ్మ, జీడి కొమ్మలను కత్తిరించుటకు బహు హాయిగా నుండును. మూడంగుళముల కొమ్మ దానికి తగిన పని; ఆరంగుళముల మోడు తగదు. అంతకంటె పెద్దపని చేయు బ్యాటరీరంపములు కూడ కలవు గాని, వానికి రెండవ బ్యాటరీ కొనవలసివచ్చినప్పుడు దాని వెల వినిన రైతు గుండె జల్లుమనును. బ్యాటరీని రేకులకొట్టములో ఎండకాలమంతయు వదలివేయరాదు. సగము ఛార్జితో, ఇంటిలో చల్లని తావున ఉంచవలయును.

దూరపు పొలమునకును, గాలివాన పనికిని పెట్రోలురంపమే దిక్కు. అయితే అప్పుడప్పుడు వాడువారికి అది పెట్టు బాధ ఒకటి కలదు. ఇంజను అరుగుటవలన గాక, ఊరకుండుటవలననే ఇట్టి రంపములలో పెక్కులు చెడుచున్నవి. మనదేశమున 2025 నాటికి బంకు పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. నీరు మితిమీరినచో పెట్రోలునుండి విడివడి అడుగున చేరును. కార్బురేటరులోని పలుచని రబ్బరుపొరలు క్రమముగా గట్టిపడును. ఆరు మాసములు కదలక పడియున్న రంపము, కావలసిన దినమున ఎంత త్రాడు లాగినను పలుకదు. దీనికి మందు సులభమే. పనికి సరిపడినంత పెట్రోలు మాత్రమే కలుపవలయును. కలిపినదానిని నెలకు మించి నిలువయుంచరాదు. పని ముగియగానే ట్యాంకును ఖాళీచేసి, కార్బురేటరులో మిగిలినది కాలిపోయి ఇంజను తనంతట ఆగువరకు నడిపి, పిమ్మట భద్రపరుపవలయును. ఈ యోపిక లేనివారు పెట్రోలురంపమును కొనకుందురుగాక.

నూనె కలుపు పాళ్లు యంత్రముతో వచ్చిన పుస్తకమును బట్టి యుండును. 50కి 1 అని యున్నచో లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల టూస్ట్రోకు ఆయిలు. 25కి 1 అని యున్నచో 40 మిల్లీలీటర్లు. గొలుసునకు పోయు నూనె వేఱు, దాని తొట్టియు వేఱు. ట్రాక్టరునుండి తీసిన నల్లనూనెను ఆ తొట్టిలో పోయువారిని చూచుచున్నాము. అందలి లోహపు నలుసులు చిన్నపంపును తినివేయును. కొత్తనూనెపై మిగిల్చిన సొమ్ము పంపునకే పెట్టవలసివచ్చును.

ఇంజనును గూర్చి గంటలకొలది బేరమాడు రైతు గొలుసును గూర్చి ఒక్కమాటయైన అడుగడు. కోయునది గొలుసు గాని ఇంజను కాదు గదా! అమెరికాలోని ఒరిగాన్ అడవులలో చెట్లు కొట్టుచుండిన జోసెఫ్ కాక్సు అనునతడు 1946లో ఒక కొయ్యపురుగు మోడును తొలుచుట చూచెను. ఆ పురుగు తన రెండు దవడలతో ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు కొఱకుచు, నారకు అడ్డముగాను నిలువుగాను సునాయాసముగా పోవుచుండెను. అతడు ఆ రీతినే కుడియెడమల పండ్లుగల గొలుసును చేసి, మరుసటి యేడు అమ్మకమునకు పెట్టెను. నేటి గొలుసులన్నియు దాని సంతతివే.

పన్ను వాడిగా నున్నచో చిన్నయింజనైనను వెన్నవలె కోయును. కోతనుండి రేకులవంటి పొట్టు రాలుచున్నచో గొలుసు బాగున్నదని అర్థము. పిండివంటి పొడి వచ్చుచున్నచో మొద్దువారినది. అట్టిదానిని బలముగా నొక్కి కోయుట వలదు. ఆపి ఆకురాయి పట్టవలయును. చిన్నరంపములకు వచ్చు సన్నపు గొలుసునకు 4 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి సామాన్యముగా సరిపోవును. ప్రతిపంటికిని ఒకే వాలుతో, లోపలినుండి వెలుపలికి, రెండుమూడు తోపులు చాలును. కొబ్బరిమ్రాను కోయువారు ఈ విద్య తప్పక నేర్వవలయును. ఏలన దాని కఱ్ఱలో ఇసుకను బోలిన సిలికా యుండి పండ్లను త్వరగా మొద్దుచేయును. గొలుసు ఒక్కసారి నేలను తాకినచో పదిచెట్లు కోసిన అరుగుదల క్షణములో కలుగును. కావున దుంగక్రింద కఱ్ఱముక్క నుంచి కోయవలయును.

అపాయమును గూర్చి దాచుట మాకు ఇష్టము లేదు. తేలికయైన రంపమని అలక్ష్యము చేయరాదు. దాని గొలుసును తొడను కోయగలదు. బారు కొన పైభాగము కఱ్ఱను తాకినచో రంపము రెప్పపాటులో ముఖముమీదికి ఎగిరి వచ్చును. అందుచేత చేతిముందు బ్రేకు పలక లేని రంపమును ఎంత చౌకయైనను కొనరాదు. భుజముకంటె పైకెత్తి గాని, నిచ్చెనమీద నిలిచి గాని, ఒంటిచేత గాని కోయరాదు. పంచె, లుంగీ, వ్రేలాడు కండువా పనికిరావు. బిగుతైన దుస్తులు, గట్టిబూట్లు, కంటి అద్దములు, చెవిమూతలు, కోతను తట్టుకొను కాలితొడుగు కావలయును. తొడుగు వెల చూచి వెనుదీయువారు కాలి వెలను తలంచుకొనవలయును. గాలివానకు పడి వంగియున్న చెట్టు విల్లువంటిది. ఏవైపు బిగిసియున్నదో, ఏవైపు నొక్కుకొనియున్నదో చూడక కోసినచో తటాలున లేచి కొట్టును. నొక్కుకొనినవైపు కొంచెము కోసి, పిమ్మట బిగిసినవైపునుండి మెల్లగా తెంపవలయును. తీగలమీద పడిన చెట్టును విద్యుచ్ఛాఖవారు వచ్చువరకు ముట్టనేరాదు.

పడిన కొమ్మ మాట వేఱు గాని, నిలిచియున్న చెట్టును కొట్టుటకు ముందు 2002వ సంవత్సరపు జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము ప్రకారము అనుమతి కావలయునో అక్కరలేదో విచారించుకొనవలయును. కొన్ని జాతులకు మినహాయింపు గలదు.

బేరము కుదుర్చుకొనుటకు ముందు అంగడిలోనే చల్లని యంత్రమును మీరే త్రాడు లాగి నడిపించుడు. ఆపి మరల నడిపించుడు. ఇంజను మెల్లగా తిరుగుచుండగా గొలుసు కదలక నిలువవలయును. బ్రేకు వేయగానే గొలుసు ఆగవలయును. ఆ యంత్రపు ప్లగ్గు, త్రాడు, రబ్బరుపొరలు మీ మండల కేంద్రములోనో, ప్రక్క పట్టణములోనో దొరకునా యని అడుగుడు. దొరకనిచో సగము వెలకు ఇచ్చినను మీకు అది నష్టమే.

ఏడాదికి రెండుమూడు దినములే పని గలవారు ఒక్కరే కొననక్కరలేదు. యంత్రములను బాడుగకిచ్చు సహకార సంఘములు కలవు; మీ సంఘమున ఆ యేర్పాటు లేనిచో అయిదారుగురు సభ్యులు కూడి ఒకటి కొనుట యుక్తము. కాని ఉమ్మడిరంపము జగడములకు మూలము కాకుండవలెనన్న, నేర్చినవానిని ఒక్కనినే దానికి బాధ్యునిగా నియమింపవలయును. నేర్వనివాని చేతికి ఈయరాదు. ఎవరు ఎన్నిగంటలు వాడిరో పుస్తకములో వ్రాయవలయును. గొలుసు మాత్రము ఎవరిది వారే కొనుక్కొనుట మంచిది. ఒకని గొలుసును వేఱొకడు మట్టిలో దింపి తెచ్చిననే తగవు పుట్టును గదా. కొనునప్పుడు గొలుసు అంతరము, మందము, క్రిందికొక్కెముల సంఖ్య — ఈ మూడు అంకెలును సరిపోవలయును. సామాన్యముగా ఇవి బారుమీదనే చెక్కియుండును. వానిని చీటీపై వ్రాసికొని అంగడికి పోవలయును.