సంపీడన సాధనములు: స్థాయీభేద విచారము

తాళపత్రములనుండి యెత్తివ్రాసిన పాఠములు నేఁడు గణకయంత్రములందు భద్రపఱుపఁబడుచున్నవి. వానిని స్వల్పపరిమాణమున నిముడ్చుటకు సంపీడనమని పేరు. ఇచట విచారించునట్టి సంపీడనమున నక్షరలోపము లేదు; విప్పినంతనే మూలము యథాతథముగ వచ్చును. సాధనములకుఁ జెప్పఁబడు "స్థాయి" యననేమి? ఒకదాని 9వ స్థాయియు, వేఱొకదాని 9వ స్థాయియు సమానములా? కావు. అది యెట్లో చూతము.

కాప్రా ప్రాంతమందలి ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారు నిర్మించిన టి.డి.సి.-12 గణకమున స్మృతికోశ మొక్కొక్కటి 12 బిట్లు. నేఁటి యూటీఎఫ్‌-8 పద్ధతిలోనో, యొక్క తెలుఁగు సంకేతమునకే 3 బైట్లు, అనఁగా 24 బిట్లు వలయును. అరసున్న లేని "తెలుగు" 18 బైట్లు. అరసున్నతోఁ గూడినచో 21. ప్రతి సంకేతమునకును మొదటి బైటు 224. రెండవది 176 గాని 177 గాని యగును. ఇట్టి పునరుక్తియే సంపీడనమున కాధారము.

1995లో వెలువడిన జెడ్‌లిబ్ డిఫ్లేట్ పద్ధతి ననుసరించును. అది వెనుకటి 32,768 బైట్లలో, అనఁగా సుమారు 10,900 తెలుఁగు సంకేతములలో, పూర్వము వచ్చిన భాగమును వెదకి, మరల వ్రాయక సూచిక మాత్ర ముంచును. 0వ స్థాయిలో నొత్తుటయే లేదు. 1వ దానిలో 4, 6వ దానిలో 128, 9వ దానిలో 4,096 పూర్వస్థలములవఱకు వెదకును. ఇచట స్థాయి శ్రమకుఁ గొలఁత. బీజిప్‌2లో నన్ననో, 1 మొదలు 9 వఱకుఁ గల యంకెలు 1,00,000 మొదలు 9,00,000 బైట్ల ఖండపరిమాణమును దెలుపును. బ్రోట్లీకి 0 మొదలు 11, జెడ్‌స్టాండర్డ్‌నకు సామాన్యముగా 1 మొదలు 22 స్థాయులు. అంకె యొకటియే, అర్థము వేఱు.

ఒకే పద్ధతి ననుసరించువానిలోను భేదము గలదు. జెడ్‌లిబ్‌-ఎన్‌జీ జెడ్‌లిబ్ స్థానమున నిలువఁగలది. ఒకటి యొత్తినదానిని వేఱొకటి విప్పఁగలదు. అయినను 1వ స్థాయిలో నది వేగమునకై వేఱుమార్గముఁ ద్రొక్కును. అందుచేత ఫలితము తఱచుగాఁ బెద్దదగును.

కావున నొత్తిన ప్రతుల చెక్‌సమ్ములు భిన్నములైనంతమాత్రమునఁ బాఠము చెడినదని తీర్మానింపరాదు. పత్రసంఖ్య వేఱైనంతనే పాఠభేదమందుమా? సరిచూచు సంఖ్యను విప్పిన మూలమునకే కట్టవలయును. దానిచెంత సాధననామము, కూర్పుసంఖ్య, స్థాయి, ఈ మూఁటిని వ్రాసియుంచవలయును. స్థాయి యొక్కటియే వ్రాసినచో నది శాఖ పేరు చెప్పక సూత్రసంఖ్య మాత్రము చెప్పినట్లగును.