గోధుమ పడడం లేదన్న అనుమానమా? పరీక్ష చీటీని ఇలా చదవాలి
'నెగెటివ్' అని వచ్చినా, 'పాజిటివ్' అని వచ్చినా అదే తుదితీర్పు కాదు

కోసిగి: నెలల తరబడి విరేచనాలు కట్టవు. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తం పెరగదు. బిడ్డ ఈడుకు తగ్గట్టు ఎదగడు. ఇటువంటి లక్షణాలతో ఆదోనికో, కర్నూలుకో వెళ్లినవారికి వైద్యులు ఇతర పరీక్షలతో పాటు 'సీలియాక్' పరీక్ష కూడా రాయవచ్చు. ఫలితం చేతికి అందగానే అందులోని అంకెలను చూసి కొందరు బెంబేలెత్తి గోధుమను పూర్తిగా మానేస్తారు. మరికొందరు 'నెగెటివ్' అన్న ఒక్క మాటతో వైద్యుని వద్దకు వెళ్లడమే మానేస్తారు. ఈ రెండింటివల్లా అసలు జబ్బు మరుగున పడిపోయే ప్రమాదం ఉంది. కూలి డబ్బులు వెచ్చించి చేయించుకున్న పరీక్ష వృథా కాకూడదంటే ఆ చీటీలో ఏమున్నదో కొంతైనా తెలిసి ఉండాలి.

ఏమిటీ వ్యాధి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. జన్యుపరంగా లోపలే ఆ గుణం ఉన్న కొందరిలో ఇది చేరినప్పుడు శరీర రక్షణ వ్యవస్థ తన చిన్నపేగునే దెబ్బతీస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకునే వేళ్లవంటి సన్నని మొలకలు (విల్లై) అరిగి చదునవుతాయి. దానితో ఇనుము, కాల్షియం, విటమిన్లు ఒంటబట్టవు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని 1944-45 శీతాకాలపు కరవును గమనించిన పిల్లల వైద్యుడు విల్లెం డికె, గోధుమకు ఈ జబ్బుకు గల సంబంధాన్ని 1950లో తన సిద్ధాంత గ్రంథంలో వివరించారు.

దక్షిణాదిలో అరుదు

దేశంలోని మూడు ప్రాంతాలలో 23,331 మంది పెద్దలపై జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తరాదిన వెయ్యికి సుమారు 8.5 మందిలో ఈ వ్యాధి కనిపించగా, దక్షిణాదిన వెయ్యికి 0.11 మాత్రమే నమోదైంది. అంటే పదివేలకు ఒకరు. గోధుమ వాడకంలోనూ పెద్ద తేడా ఉంది. రోజుకు సగటున ఉత్తరాదిన 455 గ్రాములు, దక్షిణాదిన 25 గ్రాములు. జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి తినే మన ప్రాంతంలో ఈ జబ్బు అరుదన్న మాట నిజమే. అయితే అరుదన్నది అసలు లేదన్నట్టు కాదు. వలసవెళ్లిన చోట్ల చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు, నూడుల్స్ తినడం అలవాటైన కుటుంబాలు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

పరీక్షకు ముందే మానరాదు

రక్తపరీక్ష వెతికేది గ్లూటెన్‌పై స్పందనగా శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను. గోధుమ తినడం ఆపితే అవి క్రమంగా తగ్గిపోతాయి. అప్పుడు వ్యాధి ఉన్నా ఫలితం మామూలుగానే వస్తుంది. ఇరుగుపొరుగు చెప్పారని ముందే గోధుమ మానేసి, తర్వాత పరీక్షకు వెళ్లడం వల్ల జరిగే నష్టమిదే. మొదటి నుంచీ జొన్నరొట్టెతోనే గడిపేవారు కూడా తాము గోధుమ ఎంత తింటున్నదీ వైద్యునికి ముందుగానే చెప్పాలి. అవసరమనుకుంటే వైద్యుని పర్యవేక్షణలో కొన్ని వారాలు గోధుమ తిని, ఆపై పరీక్ష చేయించుకోవలసి ఉంటుంది.

చీటీలో చూడవలసినవి

* టీటీజీ ఐజీఏ: ఇది ప్రధాన పరీక్ష. ఒక్కో ల్యాబు ఒక్కో కొలత వాడుతుంది. కనుక ఒక చోటి 20ని మరో చోటి 20తో పోల్చరాదు. పక్కనే ముద్రించిన గరిష్ఠ పరిమితికి ఎన్ని రెట్లు ఉన్నదో చూడాలి. పదిరెట్లు దాటితే వ్యాధి ఉండే అవకాశం చాలా ఎక్కువ. పరిమితికి కాస్త పైన ఉంటే కాలేయ వ్యాధులు, ఇన్‌ఫెక్షన్ల వంటి ఇతర కారణాలూ ఉండవచ్చు. వ్యాధి అరుదైన చోట స్వల్ప పాజిటివ్‌లలో కొన్ని ఉత్తుత్తివే కావచ్చు.

* మొత్తం ఐజీఏ: ఈ అంకె మరీ తక్కువగా ఉంటే పై పరీక్షలో 'నెగెటివ్' వచ్చినా నమ్మదగదు. సీలియాక్ రోగుల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ లోపం ఉంటుంది. అటువంటివారికి ఐజీజీ ఆధారిత పరీక్ష చేయించాలి. మొత్తం ఐజీఏ అసలు చేయలేదంటే వైద్యుని అడగాలి.

* ఈఎంఏ: టీటీజీ ఫలితాన్ని ధ్రువపరచుకునేందుకు చేస్తారు.

* గోధుమ ఎలర్జీ (ఐజీఈ): ఇది వేరే జబ్బుకు సంబంధించిన పరీక్ష. దీనిని బట్టి సీలియాక్ ఉన్నదనీ, లేదనీ చెప్పలేరు.

ముక్క పరీక్ష ఎందుకు?

పెద్దలలో రక్తపరీక్ష పాజిటివ్ అయితే సాధారణంగా ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. ఫలితాన్ని 'మార్ష్' తరగతులుగా రాస్తారు. సున్నా అంటే పేగు మామూలుగా ఉన్నట్టు. ఒకటి అంటే తెల్లకణాలు మాత్రమే పెరిగినట్టు. నొప్పిమాత్రల వల్ల కూడా ఇలా కావచ్చు. మూడు అంటే మొలకలు అరిగిపోయినట్టు. అయితే మొలకలు అరగడానికి మన దేశంలో ట్రాపికల్ స్ప్రూ, జియార్డియా, పేగు క్షయ వంటివీ కారణం కావచ్చు. వాటికి మందులున్నాయి. పేగు క్షయను గోధుమ మానడంతో సరిపెట్టుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే రక్తం, ముక్క రెండు ఫలితాలనూ కలిపి చూస్తారు. పిల్లల్లో టీటీజీ పదిరెట్లు దాటి, రెండవసారి తీసిన రక్తంలో ఈఎంఏ కూడా పాజిటివ్ అయితే ముక్క పరీక్ష లేకుండానే నిర్ధారించవచ్చునని 2020 నాటి ఐరోపా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

జన్యు పరీక్ష

హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవని వస్తే వ్యాధి దాదాపు లేనట్టే. ఉన్నాయని వస్తే మాత్రం భయపడనక్కరలేదు. పై అధ్యయనంలో దక్షిణాదివారిలో 36.4 శాతం మందికి ఈ జన్యువులు ఉన్నాయి. వారిలో అత్యధికులకు ఈ జబ్బు లేదు.

నిర్ధారణ అయితే

దీనికి వైద్యం జీవితాంతం గ్లూటెన్ మానడమే. ఇందులో సీమవాసులకు కొంత వెసులుబాటు ఉంది. జొన్న, కొర్ర, రాగి, సజ్జ, వరి, బొరుగులలో గ్లూటెన్ లేదు. చపాతీ, బొంబాయి రవ్వ, సేమియా, మైదాతో చేసే ఓళిగలు, బిస్కెట్లు మానాలి. కొన్ని ఇంగువ డబ్బాలలో గోధుమపిండి కలుస్తుంది. గోధుమ పట్టిన గిర్నిలోనే జొన్నలు పట్టిస్తే ఆ పిండిలోనూ గోధుమ చేరుతుంది. కిలోకు 20 మిల్లీగ్రాములు మించకుంటేనే 'గ్లూటెన్ ఫ్రీ' అని ముద్రించాలన్నది దేశంలోని నిబంధన.

పథ్యం మొదలైన ఆరు నెలలకు, ఏడాదికి టీటీజీ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. అంకె తగ్గుతూ వస్తే పథ్యం సాగుతున్నట్టు. తగ్గకుంటే ఎక్కడో గ్లూటెన్ చేరుతున్నట్టు అనుమానించాలి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవడం అవసరం. పాత చీటీలన్నీ భద్రపరచి, ప్రతిసారీ వెంట తీసుకువెళ్తే వైద్యునికి తేడా తెలుస్తుంది. అనవసరపు పరీక్షల ఖర్చూ తప్పుతుంది.