అరువదవ యేట ఒంటరి కొండదారి

మన యిండ్లలో షష్టిపూర్తి గృహస్థునకు జరుగును. గృహిణి ఆనాడు పీటలపై భర్త ప్రక్కన కూర్చుండును. ఆమెకు అరువదియేండ్లు నిండిన దినము మాత్రము ఎవరికిని జ్ఞప్తికి రాదు. మా యరువదవ జన్మదినమునకు ఏమి కావలెనని బిడ్డలడుగగా, పట్టుచీర వలదు, విందు వలదు, హిమాలయములలో నాలుగు దినములు ఒంటరిగా నడచి వచ్చెదమని చెప్పితిమి. కుమార్తె కంట నీరు పెట్టెను. కుమారుడు తోడు వచ్చెదననెను. ఇన్నేండ్లు ఎల్లరి నడకకును తోడైతిమి గదా, ఈ నడక యొక్కటి మాకు విడువుడని వేడితిమి.

శ్రావణమాసమున ఉత్తరాఖండమునకు పోయి, గోవింద్‌ఘాట్ దాటి పుల్నా వఱకు జీపులో వెళ్లి, అచ్చటినుండి సుమారు 10 కిలోమీటర్లు నడచి ఘాంఘరియా చేరితిమి. వీపుసంచిలో రెండు జతల బట్టలు, శాలువ, వానకోటు, మోకాళ్ల మందు, నువ్వుండలు మాత్రమే యుండెను. హేమకుండమునకేగు సిక్కు యాత్రికులు దారిపొడవునను పలుకరించుచుండుటచే భయము తోపలేదు.

మఱునాడు పూలలోయకు పోయితిమి. 1982లో జాతీయోద్యానమైన యీ లోయ 2005లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేరినది. రాత్రి యచ్చట నుండరాదు. లోయలో నొక సమాధి కలదు. జోన్ మార్గరెట్ లెగ్గె యను ఆంగ్ల వనిత మొక్కలు సేకరించుటకు వచ్చి, 1939లో తన యేబదినాలుగవ యేట జారిపడి యిచ్చటనే మరణించెను. ఆ రాతికడ చాలసేపు కూర్చుంటిమి. కొండకు ఎవరి వయస్సుతోను, ఎవరి యిష్టముతోను పనిలేదని తెలిసినది.

మూడవనాడు మా జన్మదినము. 4,000 మీటర్లకు మించిన యెత్తుననున్న హేమకుండమునకు వేకువనే బయలుదేరితిమి. సగము దారిలో తలనొప్పి, వికారము పుట్టినవి. గాలి పలుచనగుటచే కలుగు నీ బాధకు క్రిందికి దిగుటయే చికిత్స. సరస్సు చూడకయే మరలితిమి.

తొలుత దుఃఖము కలిగెను. దిగుచుండగా నొక సంగతి స్ఫురించినది. ఇంట మే మెన్నడును తలనొప్పికి పని మానలేదు. వంట ముగిసినగాని నడుము వాల్చలేదు. మా శరీరము చెప్పిన మాట వినుట అరువదియేండ్లలో అదియే ప్రథమము. అంతకన్న మంచి కానుక మాకెవ్వరును ఈయలేదు.

వెళ్లదలచిన సోదరీమణులు ముందుగా వైద్యునకు చూపించుకొనవలెను. కొన్ని నెలలు నిత్యము నడచి, మెట్లెక్కి అలవాటుపడవలెను. ఏ రాత్రి యెచ్చట నుందురో యింట వ్రాసి యీయవలెను. తలనొప్పి యుండగా పైకెక్కరాదు.

ఇల్లు చేరగనే సరస్సు చూచితివా యని కుమార్తె యడిగెను. లేదు, వచ్చే యేడు చూచెదమంటిమి. ఈమారు ఆమె కంట నీరు పెట్టలేదు. సంచి యెంత బరువని యడిగినది.