నిదానమే ప్రధానం

ఆయుర్వేదంలో రోగకారణాన్ని అన్వేషించే విద్యకు 'నిదానం' అని పేరు. మాధవకరుడు రచించిన 'మాధవనిదానం' ఈ విషయానికే అంకితమైన ప్రసిద్ధ గ్రంథం. తెలుగువారి వాడుకలో అదే మాటకు తొందరపాటు లేకపోవడం అనే అర్థం స్థిరపడింది. 'నిదానమే ప్రధానం' అనే సామెతలో ఈ రెండు అర్థాలూ చక్కగా ఇముడుతాయి. కారణం తెలుసుకోకుండా మందు ఇచ్చే వైద్యుడూ, కారణం తెలుసుకోకుండా విడిభాగాలు మార్చే యంత్రకారుడూ చేసే పొరపాటు ఒక్కటే. శరీరానికి వర్తించే ఈ సూత్రం నేడు అనేక గృహాలలో ఉన్న కంప్యూటరుకూ వర్తిస్తుంది.

ఒక మధ్యతరగతి కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. ఇంట్లో ఎనిమిదేళ్లనాటి కంప్యూటరు ఒకటి ఉంది. తండ్రి తన కిరాణా దుకాణపు జమాఖర్చులు అందులో రాస్తాడు. ఇంటర్మీడియట్ చదివే కుమారుడు అందులోనే పాఠాలు చూస్తాడు. సెలవు రోజులలో ఆటలు ఆడతాడు. కొంతకాలంగా అది తెరుచుకోవడానికి నాలుగైదు నిమిషాలు పడుతున్నది. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు తెరమీద బొమ్మలు తడబడుతున్నాయి. ఒక్కొక్కసారి యంత్రం దానంతట అదే ఆగిపోతున్నది. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటే అన్నీ చక్కబడతాయని కుమారుడి నమ్మకం. అందుకు కావలసిన సొమ్ము దుకాణపు నెల ఆదాయంలో పెద్ద భాగం. కొనడం తేలికే. కొన్న తరువాత కూడా జబ్బు అలాగే నిలిచి ఉంటే ఆ సొమ్మును తిరిగి ఇచ్చేవారు ఎవరు?

విప్పి చూడదగిన యంత్రం

1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ అమెరికాలో తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. అందులో 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే ఇంటెల్ 8088 ప్రాసెసరును అమర్చారు. అదనపు కార్డులను చేర్చుకోవడానికి లోపలి బోర్డుమీద 5 స్లాట్లు ఉంచారు. యంత్ర నిర్మాణానికి సంబంధించిన సాంకేతిక వివరాలను ఆ సంస్థ ప్రచురించింది. అందువల్ల ఇతర సంస్థలు కూడా దానికి సరిపోయే భాగాలను తయారు చేయగలిగాయి. ఒక భాగం పాతబడితే ఆ భాగాన్ని మాత్రమే మార్చుకొనే సౌకర్యం ఈ విధంగా విస్తరించింది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ వంటి విపణులు ఈ సౌకర్యాన్ని ఆధారం చేసుకొనే పెరిగాయి.

ల్యాప్‌టాప్‌ల విషయం వేరు. వాటిలో చాలావాటికి మెమరీని బోర్డుకే అతికించి ఉంచుతారు. కాబట్టి తరువాత పెంచుకొనే అవకాశం ఉన్నదో లేదో కొనే రోజుననే విచారించుకోవడం వివేకం.

పెళ్లివారి వంటశాల

కంప్యూటరులోని ప్రధాన భాగాల పనిని గ్రహించడానికి పెళ్లివారి వంటశాల మంచి పోలిక. సరుకులన్నీ ఉగ్రాణంలో ఉంటాయి. ఇది హార్డ్ డిస్కు వంటిది. అప్పటికప్పుడు కావలసిన సరుకులను తెచ్చి వంటవాని ముందున్న బల్లమీద పరుస్తారు. ఇది ర్యామ్ అనే తాత్కాలిక మెమరీ. వంటవాడు ప్రాసెసరు. పందిట్లో ఒకే సమయాన వందల విస్తళ్లలో వడ్డించే బృందం గ్రాఫిక్స్ కార్డు. వడ్డించేవారిలో ఒక్కొక్కరి పని చిన్నదే అయినా, అందరూ ఏకకాలంలో చేయడం వల్ల బంతి నడుస్తుంది. పొయ్యిలకు నిప్పు అందించే కట్టెల వంటిది విద్యుత్తును సరఫరా చేసే పవర్ సప్లై.

బల్ల ఇరుకైతే వంటవాడు ఎంత చురుకైనవాడైనా ప్రయోజనం లేదు. ప్రతి చిన్న వస్తువుకూ ఉగ్రాణానికి మనిషిని పంపవలసి వస్తుంది. మెమరీ చాలని కంప్యూటరు మందగించడానికి కారణం ఇదే. పైగా ఉగ్రాణం దూరమైతే ఆలస్యం మరింత పెరుగుతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక్క చుట్టు పూర్తి కావడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. చదివే ముల్లు సరైన చోటికి జరగడానికి మరికొంత కాలం కావాలి. కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అదే సమాచారాన్ని సుమారు మిల్లీసెకనులో పదోవంతు కాలంలో అందుకోగలదు. పాత కంప్యూటరుకు ఎస్ఎస్‌డీ అమర్చగానే అది కొత్త ప్రాణం పోసుకొన్నట్లు అనిపించడానికి ఈ భేదమే మూలం.

పనికి ఒక అవసరం, ఆటకు మరొక అవసరం

జమాఖర్చులు రాయడం, ఉత్తరాలు తయారు చేయడం, అంతర్జాలంలో పాఠాలు చూడడం వంటి పనులకు మెమరీ, డిస్కు ముఖ్యం. ఆటల తీరు వేరు. 1920 అడ్డువరుసన, 1080 నిలువువరుసన ఉన్న తెరలో 20,73,600 చుక్కలు ఉంటాయి. బొమ్మలు సాఫీగా కదలాలంటే సెకనుకు 60 చిత్రాలు గీయాలి. అంటే ప్రతి చిత్రానికి దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. ఆ లెక్కన సెకనుకు 12 కోట్ల 44 లక్షలకు పైగా చుక్కల రంగును నిర్ణయించవలసి ఉంటుంది. ఈ పనిలో అధిక భాగం గ్రాఫిక్స్ కార్డుదే అయినా, ఆటలోని పాత్రల కదలికలను, నియమాలను లెక్కించేది ప్రాసెసరు.

ఆట తడబడినప్పుడు ఈ రెండింటిలో లోపం దేనిదో తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఒకటి ఉంది. ఆటలోని చిత్ర నాణ్యతను, చుక్కల సంఖ్యను తగ్గించి చూడాలి. వేగం బాగా పెరిగితే అంతవరకు భారం మోసింది గ్రాఫిక్స్ కార్డు. వేగం మారకపోతే అడ్డంకి ప్రాసెసరు వద్దనో, మరొకచోటనో ఉన్నట్లు. ఈ పరీక్షకు రూపాయి కూడా ఖర్చు కాదు.

ఏ భాగాన్ని మారిస్తే ఎంత మేలు కలుగుతుందో లెక్కించే పద్ధతిని 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు సూచించాడు. ఒక భాగం వేగాన్ని ఎంత పెంచినా, మొత్తం పనిలో ఆ భాగానికి ఉన్న వాటా మేరకే ఫలితం దక్కుతుందన్నది దాని సారాంశం. ఒక పనికి 100 సెకన్లు పడుతున్నదనుకొంటే, అందులో 80 సెకన్లు డిస్కువి, 20 సెకన్లు ప్రాసెసరువి అని భావించవచ్చు. రెట్టింపు వేగం గల ప్రాసెసరును కొంటే ఆ పని 90 సెకన్లలో ముగుస్తుంది. డిస్కు వేగాన్ని పది రెట్లు పెంచితే 28 సెకన్లలోనే ముగుస్తుంది. అయితే డిస్కును ఇంకెంత పెంచినా 20 సెకన్లకంటె తగ్గదు. ఎక్కడ ఆపాలో కూడా ఈ లెక్కే చెబుతుంది.

కొనడానికి ముందు

ఒక భాగం మంచిదైనంత మాత్రాన అది ప్రతి యంత్రానికీ సరిపోదు. డీడీఆర్3 మెమరీ పలక డీడీఆర్4 స్లాటులో ఇమడదు. పొరపాటు జరగకుండా వాటి గాట్లను వేర్వేరు చోట్ల ఉంచారు. ప్రాసెసరుకు తగిన సాకెట్ బోర్డుపై ఉండాలి. గ్రాఫిక్స్ కార్డు కొనేవారు పెట్టెలో దానికి సరిపడే పొడవు ఉన్నదో లేదో, పవర్ సప్లై దాని భారాన్ని మోయగలదో లేదో చూసుకోవాలి. 32 బిట్ల చిరునామాలతో లెక్కించగల బైట్ల సంఖ్య 429 కోట్ల 49 లక్షల చిల్లర, అంటే 4 గిగాబైట్లు. సాధారణ గృహ వినియోగానికి ఉద్దేశించిన 32 బిట్ల విండోస్ ఉన్న యంత్రంలో అంతకు మించి మెమరీ చేర్చినా అది వృథాయే.

మృదుసామగ్రి సంగతిని కూడా మరువరాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అవసరం. అది లేని యంత్రాలలో చాలావాటికి లినక్స్ ఒక మార్గం. అయితే తండ్రి వాడే జమాఖర్చుల ప్రోగ్రాము అందులో నడుస్తుందో లేదో ముందుగా పరీక్షించుకోవాలి.

లోపాన్ని పట్టుకొనే క్రమం

1947 సెప్టెంబరులో హార్వర్డ్ మార్క్-2 కంప్యూటరు పనిచేయకపోవడంతో సిబ్బంది దానిని విప్పి వెదికారు. ఒక రిలేలో చిక్కుకొన్న చిమ్మటను కనుగొని, దానిని పనుల పుస్తకంలో అతికించి వివరం రాశారు. యంత్రలోపాన్ని పురుగుతో పోల్చి చెప్పడం అంతకు ముందే వాడుకలో ఉన్నా, నిజంగా పురుగు దొరకడం వల్ల ఆ సంఘటన ప్రసిద్ధి పొందింది. ఊహతో ఊరుకోక వెదకడం, దొరికినదానిని రాసి ఉంచడం ఆ సిబ్బంది నేర్పిన పాఠం.

మరమ్మతులో మొదటి మెట్టు సమాచారాన్ని మరొక చోట భద్రపరచడం. విడిభాగాన్ని మళ్లీ కొనవచ్చు. ఎనిమిదేళ్ల జమాఖర్చులు, కుటుంబపు ఛాయాచిత్రాలు అంగడిలో దొరకవు. రెండవది తేలికైన కారణాలతో ప్రారంభించడం. యంత్రం అసలే వెలగకపోతే ముందుగా ప్లగ్గును, తీగను, పవర్ సప్లై వెనుక ఉన్న స్విచ్చిని చూడాలి. మూడవది ఒకసారికి ఒక్క మార్పే చేయడం. మూడు మార్పులు ఒకేసారి చేసినవానికి యంత్రం బాగుపడినా, ఏది మేలు చేసిందో తెలియదు.

లక్షణాలు కూడా దారి చూపుతాయి. ఆపిన ప్రతిసారీ తేదీ, సమయం వెనుకకు పోతుంటే, బోర్డుమీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ క్షీణించిందన్న అనుమానం ముందుగా కలగాలి. బరువైన ఆట మొదలుకాగానే యంత్రం తిరిగి ప్రారంభమైతే పవర్ సప్లైని అనుమానించవచ్చు. కొంతసేపు నడిచి ఆగిపోతే వేడిని అనుమానించాలి. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరగానే తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. అయినా వేడి తగ్గకపోతే ప్రమాదం జరగకుండా యంత్రం ఆగిపోతుంది. నీలి తెరలు వేళాపాళా లేకుండా వస్తుంటే మెమరీ పలకలను ఒక్కొక్కటిగా ఉంచి పరీక్షించాలి. హార్డ్ డిస్కు టకటకమని శబ్దం చేస్తే ఇతర పనులన్నీ మాని ముందు సమాచారాన్ని నకలు తీయాలి.

పెట్టెను తెరిచే ముందు విద్యుత్తును పూర్తిగా తొలగించాలి. పెట్టెలోని లోహపు భాగాన్ని తాకి, శరీరంలోని స్థిరవిద్యుత్తును వదిలించుకోవాలి. పవర్ సప్లైని మాత్రం ఎన్నడూ విప్పరాదు. తీగ తీసివేసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ఆ ఇంట జరిగినది

కుమారుడు ఈ క్రమాన్నే పాటించాడనుకొంటే, ముందుగా జమాఖర్చులను వేరొక డిస్కులోకి నకలు తీస్తాడు. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే 4 గిగాబైట్ల మెమరీ దాదాపు నిండి ఉంటుంది. డిస్కు వాడకం నూటికి నూరు చూపుతుంది. ఆట నడుస్తుండగా ప్రాసెసరు వేడి పరిమితికి చేరుతుంది. పెట్టె తెరిస్తే ఎనిమిదేళ్ల ధూళి ఫ్యాను కింద పక్కబట్టలా పేరుకొని కనిపిస్తుంది. ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో ధూళిని తొలగించి, ఎండిపోయిన థర్మల్ పేస్టు స్థానంలో కొత్తది పూయగానే యంత్రం మధ్యలో ఆగిపోవడం మానుతుంది. డిస్కు స్వయంగా ఇచ్చే ఆరోగ్య నివేదికలో పాడైన భాగాల సంఖ్య పెరుగుతూ కనిపిస్తుంది.

ఈ నివేదికే అన్నిటికంటె విలువైనది. ముందుగా అనుకొన్నట్లు గ్రాఫిక్స్ కార్డు కొని ఉంటే, వేడి తగ్గేది కాదు. కొద్ది నెలలకు డిస్కు చెడి దుకాణపు లెక్కలన్నీ మాయమయ్యేవి. ఒక ఎస్ఎస్‌డీ, మరికొంత మెమరీ, కొద్దిపాటి థర్మల్ పేస్టుతో తండ్రి పని సుగమమవుతుంది. కొత్త ఆటలు మాత్రం తక్కువ చిత్ర నాణ్యతతోనే నడుస్తాయి. ఆ లోటు తీరాలంటే గ్రాఫిక్స్ కార్డు కావలసిందే. కాని దానిని కొనాలా వద్దా అన్నది ఇప్పుడు ఆ ఇంటివారు తెలిసి తీసుకొనే నిర్ణయం; భ్రమతో తీసుకొనేది కాదు.

పాతదానిని పారవేసే ముందు

కంప్యూటరు భాగాలలో సీసం, పాదరసం, కాడ్మియం వంటి విషపదార్థాలు ఉండవచ్చు. వాటిని చెత్తకుప్పలో వేసినా, తీగలలోని రాగి కోసం కాల్చినా నేలకు, నీటికి, గాలికి హాని కలుగుతుంది. భారత ప్రభుత్వం రూపొందించిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం ఇటువంటి వస్తువులను నమోదైన పునఃశుద్ధి సంస్థలకు చేర్చవలసి ఉంటుంది. ఆ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. డిస్కును అప్పగించే ముందు అందులోని సమాచారాన్ని పూర్తిగా చెరిపివేయడం మరువరాదు.

బాగుచేసి మరికొన్నేళ్లు వాడుకొన్న యంత్రం ఇంటికి ఆదా, పుడమికి ఊరట. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కరలేదని పెద్దలు ఊరికే అనలేదు. చూడడం, ఆలోచించడం, పరీక్షించడం, ఆ తరువాతనే మార్చడం అనే క్రమం అలవడిన విద్యార్థికి కంప్యూటరు ఒక్కటే లొంగదు. జీవితంలో ఎదురయ్యే ఏ చిక్కుముడినైనా తెంచకుండా విప్పుకొనే నేర్పు అతనికి అబ్బుతుంది.