నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేస్తారని మీకు తెలుసా?

రాత్రి లైటార్పి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎక్కడో జరిగిన హత్య గురించి వింటూ నిద్రలోకి జారుకునేవాళ్ళు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. పొద్దున్నే కాఫీ దగ్గర వాళ్ళకి వచ్చే సందేహాలు కూడా నేరం గురించి కాదు, ఆ కార్యక్రమం తయారీ గురించే. వాటిలో కొన్నిటికి నాకు తెలిసిన జవాబులివి.

కథంతా సిద్ధమయ్యాకే మొదటి భాగం వదులుతారా?

చాలామంది అంతే. కానీ ఈ పిచ్చిని ప్రపంచానికంతా అంటించిన 'సీరియల్' అనే పాడ్‌కాస్టు అలా చేయలేదు. 1999 జనవరిలో అమెరికాలోని బాల్టిమోర్ ప్రాంతంలో హే మిన్ లీ అనే హైస్కూలు విద్యార్థిని హత్యకు గురైంది. ఆ కేసులో అద్నాన్ సయ్యద్ అనే తోటి విద్యార్థికి యావజ్జీవం పడింది. రేడియో విలేకరి సారా కోనిగ్ ఆ కేసును తిరగదోడి, 2014 అక్టోబరు 3 నుంచి 12 భాగాలుగా చెప్పింది. ఒకపక్క భాగాలు వెలువడుతుంటే, మరోపక్క ఆమె ఇంకా మనుషుల్ని వెతుకుతూనే ఉంది. వారపత్రికకి సీరియల్ నవల రాసిన మన రచయితలకి ఈ హైరానా కొత్త కాదు. తేడా ఏమిటంటే, ఇక్కడి పాత్రలు కూడా ప్రతివారం కూర్చుని వింటున్నాయి!

కారులో తిరిగిన చప్పుడు నిజమైనదేనా?

'సీరియల్'లో నిజమైనదే. బడి మధ్యాహ్నం 2.15కి వదిలారు, 2.36కల్లా హత్య చేసేసి అద్నాన్ ఫోను చేశాడు అన్నది ప్రాసిక్యూషన్ వాదన. అంటే 21 నిమిషాలు. కోనిగ్, ఆమె సహచరి డేనా చివిస్ మైకు ఆన్‌లో పెట్టి, బడి నుంచి హత్య జరిగిందన్న చోటికి కారు నడిపి చూశారు. అసాధ్యం కాదు గానీ మహా ఇరుకు అని తేల్చారు. చివిస్ పక్క సీట్లో కూర్చుని సందేహాలు వేయడం వింటే నాకు బుర్రకథ గుర్తొస్తుంది. వంతలవాడు అడక్కపోతే మన అనుమానం ఎవరు అడుగుతారు?

ఇంటర్వ్యూలు చేస్తే సరిపోదా, ఏళ్ళు ఎందుకు పడుతుంది?

కాగితాల వల్ల. ఇక్కడ కొంచెం నిదానించాలి. మిసిసిపీ రాష్ట్రంలోని వినోనా అనే చిన్న ఊళ్ళో, 1996లో ఒక ఫర్నిచర్ దుకాణంలో నలుగురిని కాల్చి చంపారు. ఆ కేసులో కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతీయుణ్ణి ఒకే ప్రాసిక్యూటరు ఆరుసార్లు విచారణకి నిలబెట్టాడు. అవును, ఆరుసార్లు. 'ఇన్ ద డార్క్' అనే పాడ్‌కాస్టు బృందం తన రెండో సీజన్ కోసం మిసిసిపీకి మకాం మార్చి, దాదాపు ఏడాది అక్కడే ఉంది. కోర్టుల్లో దుమ్ముపట్టిన ఫైళ్ళు దింపి, స్కాన్ చేసి, 1992 నుంచి 2017 వరకు ఆ ప్రాసిక్యూటరు కార్యాలయం నడిపిన 225 విచారణల్లో జ్యూరీకి ఎవర్ని పిలిచారు, ఎవర్ని వద్దన్నారు అని ఒక్కొక్క పేరే లెక్కగట్టింది. తెల్లవారికంటే నల్లజాతివారిని 4.4 రెట్లు ఎక్కువగా తప్పించారని తేలింది. వినేవాడి చెవిలో అది ఒక్క వాక్యం. దాని వెనకున్న గుమాస్తా పని ఎన్ని నెలలో ఊహించుకోండి. అలాగే, ఫ్లవర్స్ నేరం ఒప్పుకున్నాడని కోర్టులో చెప్పిన ఖైదీ, తాను అబద్ధమాడానని జైలు నుంచి దొంగచాటు సెల్‌ఫోనులో ఈ బృందానికే చెప్పాడు. 2019 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో ఫ్లవర్స్ శిక్షను కొట్టేసింది. 2020 సెప్టెంబరులో కేసే ఎత్తేశారు. అప్పటికి ఆయన 20 ఏళ్ళకు పైగా జైల్లో గడిపాడు.

వినే కార్యక్రమానికి ఫోటోలతో పనేముంది?

ఉంది. ఇదే బృందం మూడో సీజన్‌లో 2005 నవంబరులో ఇరాక్‌లోని హదీతాలో అమెరికన్ మెరైన్లు 24 మంది పౌరుల్ని చంపిన ఘటనను తవ్వింది. సైన్యం దాచిన మృతుల ఫోటోల కోసం దావా వేసింది. ఆప్తుల్ని పోగొట్టుకున్న ఇద్దరు ఊరివాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, ఆ ఫోటోలు విలేకరులకి ఇవ్వమని బాధిత కుటుంబాల నుంచి 17 సంతకాలు సేకరించారు. ఆ సీజన్‌కి 2025లో పులిట్జర్ వచ్చింది. నా దృష్టిలో బహుమతికంటే ఆ 17 సంతకాలే పెద్దవి.

మరి నిశ్శబ్దం సంగతి?

ఇంటర్వ్యూ అయ్యాక, అందరూ ఒక్క నిమిషం మాట్లాడకండి అని బతిమాలి, ఖాళీ గది చప్పుడును రికార్డు చేసుకుంటారు. ఫ్యాను రొద, ఫ్రిజ్ గురగుర, దూరంగా ట్రాఫిక్. మాటలు కత్తిరించిన చోట అతుకు తెలియకుండా దాన్ని పరుస్తారు. లేకపోతే చెవికి గుంటలో పడ్డట్టుంటుంది. స్టూడియో లేనివాళ్ళు బట్టలు వేలాడే అరల మధ్య కూర్చుని గొంతు రికార్డు చేస్తారు. చీరలు, దుప్పట్లు ప్రతిధ్వనిని మింగేస్తాయి.

కేసు కోర్టులో ఉండగానే వదలొచ్చా?

ఆస్ట్రేలియాలో 'ద టీచర్స్ పెట్' అనే పాడ్‌కాస్టు 1982లో సిడ్నీలో మాయమైన లినెట్ డాసన్ గురించి 2018లో చెప్పింది. ఆ ఏడాది చివర్లో భర్త అరెస్టయ్యాడు. విచారణ దెబ్బతినకూడదని 2019లో ఆ దేశంలో వినపడకుండా తీసేశారు. 2022లో జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కరే విచారించి అతన్ని దోషిగా తేల్చారు.

మనదగ్గర చేయాలనుకునేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అత్యాచార బాధితుల పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు. చనిపోయినా ఆ రక్షణ పోదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో హైదరాబాదు శివార్లలో అత్యాచారానికి, హత్యకు గురైన వెటర్నరీ డాక్టరును 'దిశ' అనమని పోలీసులే కోరింది అందుకే. థంబ్‌నెయిల్ మీద ఫోటో పెట్టి, కింద 'న్యాయం కావాలి' అని రాసే యూట్యూబర్లకి ఇది తెలియక కాదు.

చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు ఏమంటారు?

'సీరియల్' 12 భాగాల్లో హే మిన్ లీ కుటుంబం మాట్లాడదు. 2022 సెప్టెంబరులో అద్నాన్ శిక్షను రద్దు చేసిన రోజున ఆమె సోదరుడు వీడియోలో బాల్టిమోర్ కోర్టుతో, ఇది తనకు పాడ్‌కాస్టు కాదని, నిజజీవితమని చెప్పుకున్నాడు. ఆ కుటుంబం అప్పీలుకెళ్ళడంతో 2023 మార్చిలో పై కోర్టు ఆ రద్దును కొట్టేసింది. 2025 మార్చిలో అద్నాన్‌ను దోషిగానే ఉంచి, అనుభవించిన శిక్ష చాలన్నారు.